ఓర్ఫా వదిన చూసిన దూరం

ఎల్వుడ్ క్రాట్జర్ ఆ పొడుగాటి చెక్కపెట్టెను ట్రక్కులోంచి దింపుతున్నప్పుడు, లోపల ఉన్నది తనకు ఎందుకూ పనికిరాని వస్తువని అతనికి తెలియదు. నాకూ తెలియదు. పెట్టె మీద నల్లరంగుతో జర్మన్ అక్షరాలు, మూలలకు ఇనుప పట్టీలు, పట్టుకోవడానికి తోలు పట్టెడలు ఉన్నాయి. సైన్యం పాత సామాన్లు వేలం వేసినచోట పాడుకుని పోస్టులో తెప్పించుకున్నాడు.

"ఏంటిది, శవపేటికా?" అన్నాను.

"పామును పూడ్చడానికైతే సరిపోతుంది. ఆ కొస పట్టుకో."

అది 1971 జూన్. మా పెన్సిల్వేనియా కొండల్లో మొదటి కోత గడ్డి కొట్టాల్లోకి చేరి, పొలాలు గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉండే రోజులు. వుడ్‌చక్‌లు బయటికి కనిపించేది అప్పుడే. మేం వాటిని చక్ అంటాం. పిల్లికి రెండింతలుండే లావుపాటి ఎలుకజాతి జంతువు. తిండి సంగతి అలా ఉంచితే, అసలు చేటు దాని బొరియల వల్ల. లూసర్న్ గడ్డి మధ్యలో మోకాలి లోతున కన్నం తవ్వి, అక్కడ ఏమీ లేనట్టే గడ్డి చాటున వదిలేస్తుంది. మా ఓర్ఫా వదిన ఆవులు రెండు క్రితం ఏడాది ఆ కన్నాల్లో కాళ్లు విరగ్గొట్టుకున్నాయి. రెంటినీ తనే చంపాల్సొచ్చింది. అన్న పోయాక అరవై ఎకరాలూ, ఇరవై రెండు పాడి పశువులూ ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ఆ రెండో ఆవును చంపిన రోజే నాకు ఫోన్ చేసింది. "గేలన్, మీ ఎల్వుడ్‌ని తీసుకురా. ఆ అవతలి కొండ మీది కన్నాలవాళ్ల సంగతి చూడండి."

ఆ అవతలి కొండతోనే వచ్చింది చిక్కు. వాగు దాటి ఎవరు అటు అడుగుపెట్టినా చక్‌లన్నీ లోపలికి దూరేవి. కొట్టాలంటే ఇవతలి కొండ మీంచే కొట్టాలి. అంటే వెయ్యి గజాల పైమాట. ఎల్వుడ్‌కి అదే కావాలి. అతను నా స్నేహితుడు, సొంత దుకాణంలో లేత్ మీద తుపాకి గొట్టాలు తయారుచేసే మనిషి. వెయ్యి గజాల అవతల పిడికెడంత గుర్తును కొట్టగల రైఫిల్ తన చేత్తో తనే చేసుకున్నాడు. కానీ అంత దూరంలో గుండు తిన్నగా పోదు. రాయి విసిరినట్టు పైకెక్కి దిగుతుంది. దూరం నలభై గజాలు తప్పు లెక్కేస్తే రెండడుగులకు పైగా కిందో పైనో తగులుతుంది. అందుకని మా వైపు దూరం కొట్టేవాళ్లు యుద్ధాల్లో వాడిన, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్లు సంపాదించుకునేవాళ్లు. వాటిలో ఇంగ్లీషు సైన్యానివి ఎక్కువ. ఒక్క కన్ను పెట్టి చూస్తే బొమ్మ అడ్డంగా రెండు ముక్కలై కనిపిస్తుంది. చక్రం తిప్పి ఆ రెండు ముక్కలూ అతికితే దూరం అక్కడే రాసి ఉంటుంది.

ఎల్వుడ్‌కి ఒక్క కన్నే ఉంది. పదహారేళ్ల క్రితం లేత్ మీంచి ఇనుప రజను ఎగిరి ఎడమ కన్ను పోయింది. కాబట్టి ఇదీ అలాంటిదే అనుకుని తెప్పించాడు.

వదిన ఇంటి వెనక కొండవాలులో మేం వేసుకున్న తుపాకి బల్ల పక్కన, ముక్కాలి స్టాండ్ మీద దాన్ని ఎక్కించాం. మీటరు పొడవు గొట్టం. ఇసుకరంగు పెయింటు పెచ్చులు రేగి ఉంది. రెండు కొసల్లో రెండు కిటికీలు, మధ్యలో చూసేచోట రెండు కళ్లద్దాలు. ఎల్వుడ్ కుడికన్ను ఆనించి చాలాసేపు చూశాడు. చక్రం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏవో చిన్న చిన్న గుర్తులున్నాయిరా. అద్దం మీద ఈగలు వాలినట్టు. తిప్పితే ఒకటి కొంచెం పక్కకి జరుగుతోంది. అంతే."

పెట్టె మూతలో ఒక చిన్న పుస్తకం ఉంది. మా ఇంట్లో నానమ్మ జర్మన్ మాట్లాడేది కనుక నాకు అక్షరం ముక్క వచ్చు. కూడబలుక్కుని చదివాను. మొదటి పేజీలోనే ఉంది. దీన్ని వాడే సైనికుణ్ని ప్రత్యేకంగా పరీక్షించి ఎంచుకోవాలి, రెండు కళ్లూ మేలైనవీ సరిసమానమైనవీ అయి ఉండాలి, ఆ చూపు వందలో కొద్దిమందికే ఉంటుంది, లేనివాడికి ఎంత నేర్పినా రాదు.

ఎల్వుడ్ పుస్తకం వంకా నా వంకా చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. బల్ల మీద చెయ్యి ఆనించుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"ఈ దేశంలో ఇంతమంది ఉండగా దీనికి ఒంటికన్నువాడే దొరికాడన్నమాట. సరే, నీకు రెండున్నాయి కదా, నువ్వు చూడు."

నేను చూశాను. దూరాలు కొలవడమే నా ఉద్యోగం. కౌంటీ రోడ్ల సర్వేలో ఇరవై మూడేళ్లుగా గొలుసూ, కోణాలు కొలిచే థియొడొలైటూ మోస్తున్నవాణ్ని. నా కంటి మీద నాకు గురి ఉండేది. కానీ నాకూ ఆ గుర్తులు అద్దానికంటుకున్న ఈగల్లాగే కనిపించాయి. అవతలి గట్టు మీది గేటు స్తంభానికి ఒకసారి ఏడువందల మీటర్లన్నాను, ఇంకోసారి పధ్నాలుగువందలన్నాను.

"శభాష్. నువ్వు వేసిన రోడ్లన్నీ వంకరగా ఎందుకున్నాయో ఇప్పుడర్థమైంది," అన్నాడు ఎల్వుడ్.

అప్పుడే వదిన పైకొచ్చింది. ఒక చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో బీట్‌రూట్ ఊట నీళ్లలో ఊరేసిన గుడ్ల సీసా. పాలు పితికే గంబూట్లు ఇంకా విప్పలేదు. యాభై ఏడేళ్ల మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ.

"చక్‌లని కొట్టమంటే ఫిరంగి తెచ్చారా?" అంది.

"ఫిరంగి కాదు ఓర్ఫా, ఫిరంగికి కళ్లు. నాకేమో ఒక కన్ను లేదు. మీ మరిదికి రెండున్నా గుడ్డివే. రా, నువ్వూ ఒకసారి గుడ్డిదానివని తేల్చుకో."

ఆమె ఫ్లాస్కు కింద పెట్టి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, వంగి రెండు కళ్లూ ఆనించింది. నేనూ ఎల్వుడూ చెరో గుడ్డు తీసుకుని తింటున్నాం.

"ఇవెవరు వేలాడదీశారు?" అంది.

"వేటిని?"

"ఈ గుర్తులని. లోయలో వరసగా వేలాడుతున్నాయి కదా. ఒకటి వాగు మీద ఉంది. ఇంకోటి ఆ సైకమోర్ చెట్టుకి ఇవతల. చిన్నది చాలా దూరంగా, కొండ అవతల ఎక్కడో ఉంది." ఆమె తల ఎత్తకుండానే చెయ్యి చాచి గాలిలో చూపించింది. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. "మీకు కనిపించడం లేదా?"

ఎల్వుడ్ నమలడం ఆపేశాడు.

"ఓర్ఫా, కుడిచేతి కింద చక్రముంది. మెల్లిగా తిప్పు."

తిప్పింది. ఆమె నోట్లోంచి చిన్నగా ఊపిరి పీల్చుకున్న శబ్దం వచ్చింది. "నడుస్తోంది. మధ్యది. నా దగ్గర్నించి నడిచిపోతోంది. చెట్ల మీంచి... వాగు దాటింది. ఇప్పుడు కొండెక్కుతోంది."

"గేటు స్తంభం పక్కన నిలబెట్టగలవా దాన్ని?"

"ఆగు. దాటిపోయింది. వెనక్కి రా తల్లీ," అని ఆ గుర్తుతోనే అంది, ఆవుతో మాట్లాడినట్టు. "ఆ. నిలబడింది. స్తంభానికి ఆనుకుని."

ఎల్వుడ్ వంగి అంకె చూశాడు. ఎనిమిది వందల అరవై ఎనిమిది మీటర్లు. జేబులోంచి లెక్కల పట్టీ తీసి గజాల్లోకి మార్చాడు. తొమ్మిది వందల నలభై తొమ్మిది.

మర్నాడు శనివారం. నేను థియొడొలైట్ తెచ్చుకుని, ఇవతలి కొండ మీద గొలుసుతో ఆధారరేఖ వేసి, రెండు వైపుల్నించీ కోణాలు తీసి, మధ్యాహ్నం దాకా లెక్కగట్టాను. గేటు స్తంభానికి తొమ్మిది వందల నలభై ఐదు గజాలు వచ్చింది. రెండోసారి లెక్కేశాను. అంతే వచ్చింది. నాకు ఒక పూట పట్టిన పని ఆమె ఒక గుక్క ఊపిరిలో చేసింది. తేడా నాలుగు గజాలు.

అయినా నాలో సర్వేవాడు ఊరుకోలేదు. ఆమెకు చెప్పకుండా ఇంకో నాలుగు చోట్లు కొలిచి పెట్టుకుని, ఒక్కొక్కటే అడిగాను. మూడు సరిపోయాయి. నాలుగోది తెల్లపైన్ చెట్ల జంట. నా కాగితం మీద ఒకటే దూరం ఉంది. ఆమె రెండు దూరాలు చెప్పింది.

"అవి పక్కపక్కన లేవు గేలన్. కుడిపక్కది అరవై గజాలు వెనకుంది."

"వదినా, పుట్టినప్పట్నించీ చూస్తున్నాను ఆ చెట్లని. ఒకే మొదట్లోంచి లేచినట్టుంటాయి."

"నువ్వు చూస్తున్నావు. నేను కాదనలేదు. పోయి నడిచి చూడు."

పోయాను. వాగు దాటి, కొండెక్కి, మొదటి పైన్ మొదట్లో నిలబడ్డాను. రెండోది పల్లానికి అవతల, దూరంగా ఉంది. గజానికో అడుగు చొప్పున లెక్కపెట్టుకుంటూ నడిచాను. అరవై రెండు. ఆ చెట్టు బెరడు మీద చెయ్యి వేసి, ఎదురుగా కొండ మీద చుక్కలా ఉన్న మా బల్ల వైపు చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. నలభై ఎనిమిదేళ్లు ఈ లోయలో బతికి, దీన్ని గోడకు తగిలించిన బొమ్మలాగే చూశానని నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం వదినను అడిగాను, ఎప్పుడూ అలాగే కనిపించేదా అని.

"అందరికీ అలాగే కనిపిస్తుందనుకున్నాను," అంది పాల డబ్బా కడుగుతూ. "మీ అన్న సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట తంటాలు పడేవాడు. బద్ధకం అనుకునేదాన్ని. పాపం, తిట్టాను కూడా."

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి ముగ్గురం కొండ మీద కూర్చునేవాళ్లం. వదిన గొట్టం దగ్గర, ఎల్వుడ్ రైఫిల్ దగ్గర, నేను థియొడొలైట్ దుర్భిణిలోంచి గుండు ఎక్కడ పడిందో చూస్తూ. ఆమె మీటర్లు చెప్పడం, అతను గజాలు చేసుకుని, తుపాకి మీది గురి అద్దం స్కోపు మరను అంత దూరానికి తిప్పడం. జూలై మూడోవారానికి పదకొండు చక్‌లు పడ్డాయి. ఒక్కటి మాత్రం దక్కలేదు. పైన ముళ్లపొద ముందు రాళ్లకుప్ప మీద కూర్చునే ముసలి చక్. వీపు నెరిసి బూడిదరంగు తేలింది. మేం బల్ల దగ్గర దగ్గినా లోపలికి పోతుందని ఎల్వుడ్ ప్రమాణం చేసి చెప్పేవాడు. అతనికి దాని మీద ఎంత పట్టుదలంటే, దుకాణంలో వేరే పని చేయడమే మానేశాడు.

ఆ ఆదివారం పొద్దున పదకొండుకి అది బయటికి వచ్చింది. గాలి లేదు. రాళ్ల మీద వెనక్కాళ్లతో లేచి, మనిషిలా నిటారుగా నిలబడింది.

"ఓర్ఫా," అన్నాడు ఎల్వుడ్ పెదాలు కదపకుండా.

"వెయ్యిన్నీ పన్నెండు."

"పదకొండు వందల ఏడు గజాలు," అని గొణుక్కుంటూ స్కోపు తిప్పాడు. తూటా ఎక్కించిన శబ్దం. చెంప తుపాకి కర్రకి ఆనింది. నా దుర్భిణిలో చక్ మీసాలు కూడా కనిపిస్తున్నట్టుంది. ఎల్వుడ్ ఊపిరి వదిలి ఆపాడు.

"ఆగు," అంది వదిన.

అతను ఆగాడు. కానీ చెంప తీయలేదు. "ఏంటి?"

"పొదలో ఏదో ఉంది. చక్ వెనకాల. ముప్ఫై గజాలు."

"పొద ఉంది. ముళ్లపొద."

"పొదలో ఆకులన్నీ ఒకచోట లేవు ఎల్వుడ్. ముందు వరస ఒకటి, వెనక వరస ఒకటి. ఆ రెంటికీ మధ్య, నేలబారుగా, ఆకు కానిది ఒకటుంది. గుండ్రంగా ఉంది. పొడుగ్గా కూడా ఉంది."

నేను దుర్భిణిలో వెతికాను. పచ్చని ఆకులు తప్ప ఏమీ లేవు. ఎల్వుడ్ స్కోపులో ఇరవై రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అతనూ వెతికాడు.

"నాకేం కనిపించడం లేదు. దుంగ అయ్యుంటుంది. ఇది మళ్లీ నెలదాకా నిలబడదు ఓర్ఫా."

"దుంగే అయ్యుండొచ్చు," అంది వదిన. గొంతు పెంచలేదు. "పోయిన వారం అక్కడ దుంగ లేదు."

ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. అతని వేలు ట్రిగ్గర్ పక్కన ఉంది. చక్ ఇంకా నిలబడే ఉంది. వేసవంతా ఎదురుచూసిన అవకాశం అది. అతనికి ఏమీ కనిపించడం లేదు. ఎల్వుడ్ రైఫిల్ బోల్టు వెనక్కి లాగి, తూటా తీసి, గుడ్డ మీద నిలబెట్టాడు. తర్వాత, అది లేనిదే తుపాకి పేలదు, ఆ బోల్టు మొత్తం ఊడదీసి వదిన చేతికిచ్చాడు.

"గేలన్, ట్రక్కు తీసుకుని వెళ్లు. దుంగ అయితే నీ వదినకి చెప్పకు, నాకు చెప్పు," అన్నాడు. కానీ నవ్వలేదు.

వంతెన మీంచి చుట్టూ తిరిగి, గేటు దగ్గర ట్రక్కు ఆపి, పైకి నడిచేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. చక్ ఎప్పుడో లోపలికి దూరింది. రాళ్లకుప్ప దాటి పొద దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ముందు నాకేమీ కనిపించలేదు. పదడుగుల్లో ఉండి కూడా.

"ఇక్కడ అబ్బాయ్," అంది పొద.

క్లేటన్ షర్క్. గట్టుకి అవతలి పొలం వాళ్లది. ఎనభై ఏళ్ల మనిషి. వెలిసిపోయిన పచ్చ చొక్కా, మీద ముళ్లతీగలు. కుడికాలు పిక్క దాకా చక్ కన్నంలో ఉంది. వంకరగా ఉంది. మొహం తెల్లగా పాలిపోయి, పెదాలు ఎండి ఉన్నాయి.

"ఎప్పట్నించి ఉన్నారు ఇక్కడ?"

"పాలు పితికే వేళ నుంచి. తొలిచూలు పెయ్య ఒకటి ఈనడానికి కంచె దూకి వచ్చింది. వెతుక్కుంటూ వచ్చాను. విరిగింది, చప్పుడు వినిపించింది నాకు. అరిచాను. మా వాళ్లు చర్చికి పోయారు. తర్వాత అరవడానికి ఓపిక లేక పడుకున్నాను." నా సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగాడు. "నీ చక్ ఒకటి వచ్చి ఆ రాళ్ల మీద నిలబడింది. వీపు నా వైపు. దాన్నే చూస్తూ ఉన్నాను. ఇంతకీ నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు నీకు?"

"మా వదిన చూసింది."

"ఏదీ, ఎక్కడుంది?"

ఎదురు కొండ చూపించాను. లోయ మీద ఎండ. అవతల గోధుమరంగు గీతలా మా బల్ల, పక్కన రెండు చుక్కలు. ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆ బల్ల మీంచి మీరు తుపాకులు కొడుతుంటే విన్నాను. ఇటే కదా కొట్టేది."

"ఇటే."

"ఇవాళ కొట్టబోయారా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "తూటా ఎక్కించాడు. వదిన ఆపింది."

క్లేటన్ టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. పడుకున్న మనిషి, కాలు కన్నంలో ఉన్న మనిషి, అలా టోపీ తీసి ఎదురు కొండ వైపు తల వంచాడు. నేనూ తీశాను. ఆ రెండు చుక్కల్లో వదిన ఏ చుక్కో నాకు తెలియడం లేదు. కానీ ఆమెకు మేం తెలుస్తున్నాం. మా ముందున్న ఆకేది, వెనకున్న ఆకేది, ఆయనకీ నాకూ మధ్య ఎన్నడుగులు, అన్నీ తెలుస్తున్నాయి. నా జీవితంలో నన్ను అంత దూరంనుంచి అంత సరిగ్గా ఎవరూ చూడలేదు.

కన్నం చుట్టూ మట్టి చేత్తో తవ్వి కాలు బయటికి తీశాను. ఎత్తుకుని ట్రక్కు దాకా మోశాను. ఆయన దారంతా పెయ్య గురించే అడిగాడు. దాన్ని మధ్యాహ్నం ఆయన కొడుకు పట్టుకొచ్చాడు. వెంట దూడ కూడా ఉంది. ఎముక అతుక్కోవడానికి మూడు నెలలు పట్టింది. తర్వాత చేతికర్రతో తిరిగాడు. ఆరేళ్లు బతికాడు.

ఆ తర్వాత రెండు వారాలు ఎల్వుడ్ కొండ మీదికి రాలేదు. దుకాణానికి వెళ్తే బల్ల మీద రైఫిల్ విడిభాగాలుగా ఉంది. నూనె రాస్తున్నాడు. రాసిందే రాస్తున్నాడు.

"ఇరవై రెట్లు పెద్దది చేసి చూశాను గేలన్. ఏమీ లేదు అక్కడ. నేనైతే కొట్టేవాణ్ని."

"కొట్టలేదు కదా."

"అది నా గొప్ప కాదు."

చివరికి వదినే అతని దుకాణానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఏప్రన్ జేబులోంచి బోల్టు తీసి బల్ల మీద పెట్టింది.

"నీ ఇనుపముక్క నా కోడిగుడ్ల బుట్టలో తిరుగుతోంది. తీసుకో. నిన్న నా నల్లావు కాలు కన్నంలో పడి, విరక్కుండా తప్పింది. ఇంకెన్ని వారాలు నూనె రాస్తావు?"

"ఒక షరతు మీద వస్తాను ఓర్ఫా. కొట్టాలా వద్దా అన్నది నీ మాట. నువ్వు వెనకంతా చూసి 'నేల తప్ప ఏమీ లేదు' అనాలి. అనకపోతే కొట్టను. చక్ వచ్చి నా తుపాకి గొట్టం మీద కూర్చున్నా కొట్టను."

"సరే. పొద్దున్నే రా. కాఫీ నేనే తెస్తాను."

ఆగస్టు మొదటివారం. రాత్రి కురిసిన వానకి గాలి కడిగినట్టుంది. లోయలో తేమ ఆవిరై లేస్తోంది. ముసలి చక్ ఎనిమిదింటికే రాళ్ల మీదికి వచ్చింది. వదిన అంకె చెప్పి, తర్వాత పొద మొత్తం, గట్టు మొత్తం, గట్టు పైనా నిదానంగా చూసింది. రెండు నిమిషాలు పట్టింది. ఎల్వుడ్ కదల్లేదు.

"నేల తప్ప ఏమీ లేదు," అంది.

తుపాకి పేలింది. వెయ్యి గజాలు పోవడానికి గుండుకి ఒక సెకనుకు పైగా పడుతుంది. నా దుర్భిణిలో చక్‌కి జానెడు ఎడమన రాయి మీద దుమ్ము లేచింది. చక్ మాయమైంది. తప్పింది.

"ఎడమన పడింది. జానెడు," అన్నాను.

ఎల్వుడ్ తిట్టుకుంటూ రెండో తూటా అందుకున్నాడు. వదిన మాత్రం గొట్టం దగ్గర్నించి తల తీయలేదు.

"అది కనిపించింది," అంది.

"ఏది?"

"నీ గుండు. గుండు కాదు... గుండు పోయిన దారి. గాలి నలిగినట్టు, నీళ్లలో చేప పోతే తెలిసినట్టు."

ఎల్వుడ్ తూటా కింద పెట్టాడు. దుర్భిణి పట్టినవాళ్లకు అప్పుడప్పుడూ గాలి అలా నలగడం కనిపిస్తుంది. నేనూ చూశాను. వేడికి గాలి వణికినట్టు ఒక చిన్న మచ్చ, అద్దంలో కిందికి జారుతుంది. అంతకుమించి ఏమీ తెలియదు.

"నాకూ కనిపిస్తుంది వదినా, మచ్చలాగా."

"మచ్చ కాదు గేలన్. దూరంగా పోవడం కనిపించింది. మన దగ్గర్నించి లేచి, పైకి పైకి పోయింది. వాగు మీంచి పోయింది. సైకమోర్ చెట్టు చిటారు కొమ్మ దాటాక కూడా పైనే ఉంది. ఆ తర్వాత అలిసిపోయినట్టు దిగింది. చివర్లో ఎడమ పక్కకి ఒరిగింది. వంతెన కట్టినట్టు, మొత్తం ఈ కొండ నుంచి ఆ కొండ దాకా." ఆమె తల ఎత్తింది. మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. "ఎంత అందంగా ఉందో ఎల్వుడ్. ప్రతిసారీ అలాగే పోతుందా?"

ఎల్వుడ్ గుడ్లు చుట్టి తెచ్చిన కాగితం తీసి, వెనక్కి తిప్పి, చెవి మీది పెన్సిలు ఆమెకిచ్చాడు.

"గియ్యి."

ఆమె గీసింది. ఒక కొసన మా బల్ల, ఇంకో కొసన రాళ్లకుప్ప. రెంటి మధ్య ఒక వంపు. ఎవరిని గీయమన్నా ఇంద్రధనుస్సులా, రెండు పక్కలా సమంగా గీస్తారు. ఆమె అలా గీయలేదు. వంపు తాపీగా పైకి లేచింది. నడిమి దాటి ఇంకొంచెం ముందుకు పోయాక శిఖరం చేరింది. అక్కణ్నించి గబగబా కిందికి దిగింది. గుండు అలాగే పోతుంది. వేగం తగ్గేకొద్దీ త్వరగా పడుతుంది. ఎల్వుడ్ ముప్ఫై ఏళ్లుగా ఆ వంపును కాగితాల మీద లెక్కలు కట్టి, అంకెల పట్టీలుగా రాసుకుని, ఎప్పుడూ చూడకుండా నమ్మాడు.

కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని వంపు మీద వేలు పెట్టి నడిపించాడు. శిఖరం దగ్గర ఆగాడు. "ఇక్కడ ఎంత ఎత్తుంటుంది, మనం చూసే గీత మీద?"

"ఒక మనిషి నిలబడి, వాడి భుజాల మీద ఒక పిల్లాణ్ని కూర్చోబెట్టినంత."

"తొమ్మిదడుగులు," అన్నాడు ఎల్వుడ్ మెల్లిగా. "నా లెక్కలో తొమ్మిదడుగులు."

లోయలో వాగు చప్పుడు వినిపిస్తోంది. షర్క్ వాళ్ల పొలంలో ఎవరో ట్రాక్టర్ స్టార్ట్ చేశారు.

"చక్ వెళ్లిపోయింది కదా," అన్నాను నేను.

"పోనీ." ఎల్వుడ్ బల్ల మీది తూటాలు లెక్కపెట్టాడు. తొమ్మిదున్నాయి. "ఓర్ఫా, ఆ రాయి వెనక ఏముంది?"

ఆమె వంగి కళ్లు ఆనించి, తొందర పడకుండా ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది. "నేల తప్ప ఏమీ లేదు."

"అయితే చూస్తూ ఉండు. ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో, ప్రతిదీ చెప్పు. నిదానంగా చెప్పు."

అతను రాయిని కొట్టాడు. ఆమె చెప్పింది. మళ్లీ కొట్టాడు. వాగు మీద తేమ ఎక్కువున్నప్పుడు దారి ఇంకా బాగా తెలుస్తోందని ఆమె చెబితే, తేమ మళ్లీ లేచేదాకా ఆగి కొట్టాడు. తొమ్మిది తూటాలూ అయిపోయేసరికి కాఫీ చల్లారిపోయింది. ఆ ముసలి చక్ మధ్యలో ఒకసారి తల బయటపెట్టి చూసింది. దాని వైపు మేమెవరం చూడలేదు.